ఎడమ పక్క బుష్షులు

గురువారం సాయంత్రం నమాజు అయ్యాక దస్తగిరి ఉస్తాద్ స్కూటర్ తీశాడు. ఊరి చివర గుట్ట మీద దర్గా ఉంది. ఏ పని ఉన్నా గురువారం ఆయన అక్కడికి పోవాల్సిందే. వెనక సీటు మీద ఎప్పుడూ మద్దిలేటి కూర్చునేవాడు. ఆ రోజు మద్దిలేటి చేతులు కడుక్కుని, తల దువ్వుకుని వచ్చేసరికి ఆ సీటు మీద సుంకన్న ఉన్నాడు. ఒళ్ళో మల్లెపూల పొట్లం పెట్టుకుని ఉన్నాడు.

"మద్దిలేటీ, నువ్వు షెడ్డు చూసుకో," అన్నాడు ఉస్తాద్.

స్కూటర్ వెళ్ళిపోయింది. మద్దిలేటి చేతిలో దువ్వెన అలాగే ఉండిపోయింది.

ఆత్మకూరులో దోర్నాల రోడ్డు మీద ఉంది ఆ షెడ్డు. నల్లమల అడవి రోడ్ల మీద తిరిగే పాత జీపులకు ఏ రిపేరు వచ్చినా అక్కడికే వస్తాయి. దస్తగిరి ఉస్తాద్‌కు గడ్డం నెరిసింది. మాట తక్కువ. పని బాగుంటే ఏమీ అనడు, పక్క బండి దగ్గరికి పోతాడు. బాగలేకపోతే అప్పుడూ ఏమీ అనడు, కూర్చుని తనే విప్పి మళ్ళీ బిగిస్తాడు. మీసాలు సరిగ్గా రాని వయసులో వచ్చి చేరిన మద్దిలేటికి ఇప్పుడు చెవుల దగ్గర వెంట్రుకలు తెల్లబడుతున్నాయి. ఇన్నేళ్ళూ అతను ఆ మౌనాన్నే మెచ్చుకోలుగా తీసుకున్నాడు. దానితోనే కడుపు నింపుకున్నాడు.

సుంకన్న వచ్చాక ఆ కడుపు నిండటం మానేసింది.

సుంకన్న బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే చోట పనిచేసేవాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరిందని, ఆ పని మానకపోతే మనిషి దక్కడని డాక్టరు చెప్పాడు. పెళ్ళాంతో సహా ఆత్మకూరు వచ్చి, ఏ పనైనా సరే నేర్చుకుంటానని షెడ్డు ముందు నిలబడ్డాడు. ఉస్తాద్ రమ్మన్నాడు.

వాడికి సిగ్గు లేదు. కనిపించిన ప్రతిదాన్నీ ఇదేంది, అదెందుకు అని అడుగుతాడు. అలా అడిగితే ఉస్తాద్‌కు కోపం వస్తుందని మద్దిలేటి అనుకున్నాడు. కోపం రాలేదు. ఉస్తాద్ జవాబు చెప్పాడు. మద్దిలేటి ఏమీ అడగకుండా, చూసి చూసి దొంగచాటుగా నేర్చుకున్న పనుల్ని ఆయన వాడికి విప్పి చూపించాడు. ఒకరోజు వాడేదో అంటే ఉస్తాద్ పకపకా నవ్వాడు కూడా. జీపు కింద పడుకుని ఉన్న మద్దిలేటి ఆ నవ్వు విని, ఎవరో బయటి మనిషి వచ్చాడేమో అనుకున్నాడు. ఉస్తాద్ నవ్వు ఎలా ఉంటుందో అతనికి తెలియదు.

ఇక అప్పటినుంచి మద్దిలేటి కళ్ళకు వేరే ఏదీ కనబడలేదు. ఉస్తాద్ టిఫిన్‌లోంచి ఖీమా ఎవరి ఆకులో ముందు పడింది. టీ వచ్చినప్పుడు ఉస్తాద్ ఎవర్ని పిలిచాడు. ఎవరి పేరు పలికేటప్పుడు గొంతు మెత్తబడింది. ఇంట్లో అన్నం తింటూ ఉన్నట్టుండి ముద్ద పట్టుకుని ఆగిపోయేవాడు. భార్య ఏమైందని అడిగితే కూరలో ఉప్పు ఎక్కువైందనేవాడు.

ఎదురుగా టీ బంకు నడిపే వీరన్న ఒకరోజు నవ్వుతూ అన్నాడు. "ఉస్తాద్‌కు కొడుకులు లేకపాయె. ఇంక షెడ్డు సుంకన్నదేనేమో మద్దిలేటీ!"

మద్దిలేటి కూడా నవ్వాడు. ఆ టీ సగం తాగి, మిగతాది రోడ్డు మీద పోశాడు.

స్కూటర్ మీద సుంకన్న వెళ్ళిన మర్నాడు అతను ఆగలేకపోయాడు. ఉస్తాద్ ఒక్కడే కూర్చుని బేరింగు కడుగుతుంటే దగ్గరికి వెళ్ళాడు.

"ఉస్తాద్, నేనేమన్నా తప్పు చేసినానా?"

ఉస్తాద్ తలెత్తాడు. "ఏం తప్పు?"

"ఏమీ లేకపోతే... వాడు నిన్నగాక మొన్న వచ్చినాడు. వానిలో మీకేం కనబడింది? నాలో ఏం కనబడలా?"

ఉస్తాద్ బేరింగును కిరోసిన్‌లో ముంచి తీసి, గుడ్డతో తుడిచాడు. వేలితో ఒకసారి తిప్పి చూశాడు. అప్పుడే బయట ఒక జీపు వచ్చి ఆగింది. ఉస్తాద్ లేచి చేయి తుడుచుకున్నాడు.

జీపులోంచి దిగింది ఎస్తేరమ్మ నర్సు. అడవి పల్లెల్లో కళ్ళు కనబడని ముసలివాళ్ళను వెతికి పట్టుకుని, ఆస్పత్రికి తెచ్చి, శుక్లాలు తీయించి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దింపి వస్తుంది. జీపు ఆమే నడుపుతుంది. ఆ జీపు వయసులో ఆమె కంటే కొంచెమే చిన్నది.

"మేస్త్రీ, నీ రబ్బరు బుష్షులతో నేను వేగలేకపోతున్నా," అంది ఆమె. "ప్రతి వానాకాలానికీ అరిగిపోతున్నాయి. బండి అటొకసారి ఇటొకసారి ఊగుతుంది. కంటికి కుట్లు పడ్డోళ్ళను ఎక్కించుకుని పోతా నేను. మా పెద్దడాక్టరు హైదరాబాదు నుంచి ఇవి తెప్పించాడు, చూడు."

అట్టపెట్టె తెరిచింది. లోపల ఎర్రటి బుష్షులున్నాయి. పాలియురేతేన్‌వి. షెడ్డులో వాటిని పాలీ బుష్షులంటారు.

బండిని మోసే కమాన్ పట్టీల చివర, ఇనుము చుట్ట తిరిగి ఒక రంధ్రం ఉంటుంది. ఆ రంధ్రంలో కూర్చుంటుంది బుష్షు. బోల్టు దాని నడుమ నుంచి పోతుంది. అది ఉన్నంతకాలం ఇనుము ఇనుముకు తగలదు.

ఉస్తాద్ ఒక బుష్షును గోటితో నొక్కి చూశాడు. "రబ్బరంత మెత్తన కావమ్మా ఇవి. కానీ అరగవు. బండి ఊగదు. బాగా వేస్తే నీ జీపున్నంత కాలం ఉంటాయి."

పెట్టెను మద్దిలేటి చేతిలో పెట్టాడు.

"కుడి పక్క నువ్వు వెయ్యి. ఎడమ పక్క సుంకన్నతో వేయించు. నీకు తెలిసిందంతా వానికి నేర్పు."

అడిగినదానికి జవాబు అదేనని మద్దిలేటికి అనిపించలేదు. జవాబు రాలేదనే అనిపించింది.

అయినా ఆ పొద్దున అతను బాగానే నేర్పాడు. నిజం చెప్పాలంటే నేర్పడం అతనికి నచ్చింది. జాకీ ఎక్కడ పెట్టాలో, బండి బరువును దేని మీద ఆపాలో, ఏ నట్టు ముందు వదులు చేయాలో చెప్పాడు. తుప్పుకు పట్టేసిన బోల్టును కొట్టకుండా, నూనె పోసి, ఓపిగ్గా ఎలా కదిలించాలో చూపించాడు. పాత రబ్బరు రంధ్రానికి అతుక్కుపోయి ఉంటే హాక్సా బ్లేడు లోపలికి దూర్చి ఎలా కోయాలో చేయి పట్టుకుని చేయించాడు.

"లోపలి ఇనుము తగలకూడదు. రబ్బరు తెగుతాంటే బ్లేడు మెత్తగా పోతది. ఇనుము తగిల్తే గరగరమంటది. చెవి పెట్టి విను."

సుంకన్న నిజంగానే చెవి ఆనించి విన్నాడు. "అవునన్నా! మెత్తగా పోతాంది!" అన్నాడు. వాడి ముఖం నిండా నల్లటి రబ్బరు పొడి. మద్దిలేటికి నవ్వొచ్చింది. తను కూడా ఇలాగే, ఇదే చోట, ముఖం నిండా మసితో కూర్చున్న రోజులున్నాయి. వీడు చెడ్డవాడేం కాదు అనుకున్నాడు.

సుంకన్న ఆ రంధ్రాన్ని గరుకు కాగితంతో రుద్దడం మొదలుపెట్టాడు. బండలు పాలిష్ పట్టిన చేతులు కదా, వదలకుండా రుద్దాడు. తుప్పు పోయి ఇనుము తెల్లగా తేలింది.

ఉస్తాద్ అటుగా పోతూ ఆగాడు. వంగి రంధ్రంలోకి చూశాడు. వేలు పెట్టి చుట్టూ తిప్పాడు.

"బాగుంది," అన్నాడు.

అని వెళ్ళిపోయాడు.

కుడి పక్క చక్రం దగ్గర మద్దిలేటి చేతిలో పానా అలాగే ఆగిపోయింది. అతను శుభ్రం చేసిన రంధ్రాలు కూడా అద్దంలా ఉన్నాయి. ఉస్తాద్ ఇటువైపు రాలేదు. మద్దిలేటి పని ఆయన తిరిగి చూడటం మానేసి ఏళ్ళు గడిచాయి. బాగుంది అనే మాట అంత తేలిగ్గా, అంత మామూలుగా, దారిన పోతూ ఇచ్చేయగల మాట అని మద్దిలేటికి ఆ క్షణం దాకా తెలియదు.

"ఉస్తాద్ బాగుందన్నాడన్నా!" అన్నాడు సుంకన్న.

"ఊఁ," అన్నాడు మద్దిలేటి.

పెట్టె అడుగున చిన్న చిన్న పొట్లాల్లో గ్రీజు ఉంది. పాలీ బుష్షుకు గ్రీజు పెట్టే ఎక్కించాలి. రబ్బరైతే బోల్టును పట్టుకుని మెలితిరుగుతుంది. పాలీ అలా కాదు, అది బోల్టుకు తొడిగే లోపలి గొట్టం చుట్టూ జారాలి. గ్రీజు లేకుండా వేస్తే కొన్నాళ్ళకు కీచుమంటూ అరుస్తుంది. ఈ సంగతి ఒకప్పుడు ఉస్తాదే మద్దిలేటికి చెప్పాడు.

"టీ తాగి రాపో," అన్నాడు మద్దిలేటి.

సుంకన్న టీ తాగి వచ్చేలోపల కుడి పక్క బుష్షులన్నిటికీ గ్రీజు పట్టించి ఎక్కించేశాడు. మిగిలిన పొట్లాలను ఖాళీ డబ్బాలు వేసే డ్రమ్ములో వేశాడు. పైన ఒక పాత గుడ్డ కప్పాడు.

"నాదెట్లా ఎక్కించాలన్నా?" అడిగాడు సుంకన్న వచ్చి.

మద్దిలేటి అతని ముఖం వైపు చూడలేదు. "సబ్బునీళ్ళు కలుపు. బుష్షుకు పూసి నొక్కు. జారుకుంటా పోతది."

"అంతేనా?"

"అంతే."

రబ్బరు బుష్షులకైతే అది సరైన మాటే. తను అబద్ధం చెప్పలేదని, చెప్పవలసినదాంట్లో కొంచెం చెప్పలేదంతేనని మద్దిలేటి తనకు తాను చెప్పుకున్నాడు. సబ్బునీళ్ళతో ఎర్రటి బుష్షులు నున్నగా లోపలికి జారాయి. సుంకన్న చిన్నపిల్లాడిలా సంబరపడ్డాడు. మద్దిలేటి వాడు బిగించిన ప్రతి నట్టునూ తను మళ్ళీ లాగి చూశాడు. బండికి ప్రమాదమేమీ లేదు. అరుస్తుంది, అంతే. ఒకసారి అరిస్తే చాలు.

జీపు ఏ చప్పుడూ లేకుండా వెళ్ళిపోయింది. ఎస్తేరమ్మ చేయి ఊపింది.

ఆ తర్వాత మద్దిలేటి ఎదురుచూశాడు. రోడ్డు మీద ఏ జీపు వచ్చినా చెవి అటే పోయేది. కొన్నాళ్ళు గడిచాక ఎదురుచూడటం పోయి భయం మొదలైంది. అరవకపోతే బాగుండు అనుకున్నాడు ఒకసారి. అనుకున్నాడో లేదో అవతల ఉస్తాద్ సుంకన్నను పిలిచి ఇంజను చప్పుడు వినమంటున్నాడు. స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుని వింటారు. ఉస్తాద్ తన స్క్రూడ్రైవరే వాడి చేతికిచ్చాడు. అరిస్తేనే మంచిది అనుకున్నాడు మద్దిలేటి.

ఒక పొద్దున ఆ చప్పుడు దూరం నుంచే వినబడింది. కీచుమని, సాగదీసి, గుంట గుంటకూ. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి చూస్తున్నారు. జీపు షెడ్డు ముందు ఆగింది. ఎస్తేరమ్మ దిగింది. ఆమె ముఖం కందిపోయి ఉంది.

"మేస్త్రీ! నీ చేతి పని ఇదేనా?"

ఉస్తాద్ లేచి వచ్చాడు. "ఏమైందమ్మా?"

"ఏమైందా? నిన్న సిద్ధేపల్లె ముసలామెను ఇంటికి తీసుకుపోతున్నా. పోలమ్మని. ఒక కంటికి ఆపరేషనై కట్టు ఉంది. రెండో కంటికి ఇంకా శుక్లం. అంటే ఏమీ కనబడదు. దోవ పొడుగూతా ఈ అరుపే. ఆమె గోల, బండి ఆపమని. ఏం కాదవ్వా అంటే వినదే. కడకు దిగిపోయింది. ఎంత చెప్పినా మళ్ళీ ఎక్కలేదు. ఆ ఎండలో, ఆ దుమ్ములో, నా చేయి పట్టుకుని ఊరిదాకా నడిచింది. బండి అడవిలో వదిలేసి నేనూ నడిచినా. మధ్యలో రాయి తగిలి పడింది. మోకాలు చీరుకుపోయింది. కట్టు తీసి చూస్తే కన్ను ఎర్రగా ఉంది. చుక్కల మందు వేసి వచ్చినా. ఆ కన్నుకేమన్నా అయితే ఎవరు జవాబు చెప్తారు?"

అరుపు అంటే బండి అరుపే అనుకున్నాడు మద్దిలేటి. మనిషి పడుతుందని అతను అనుకోలేదు.

"ఎడమ పక్క అరుస్తాంది," అంది ఎస్తేరమ్మ. "ఆ పక్క చేసిందెవరు?"

"నేనమ్మా," అన్నాడు సుంకన్న. ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"తెలియకపోతే ఎందుకు ముట్టుకున్నావయ్యా? మనుషుల ప్రాణాలనుకున్నావా, బండరాళ్ళనుకున్నావా?"

సుంకన్న తలదించుకున్నాడు. ఉస్తాద్ జీపు పక్కన గొంతుక్కూర్చుని కమాన్ పట్టీని చేత్తో నొక్కాడు. అది కీచుమంది.

"గ్రీజు పెట్టలేదా?" అడిగాడు.

"గ్రీజా?" సుంకన్న అయోమయంగా చూశాడు. "సబ్బునీళ్ళు పెట్టినా ఉస్తాద్."

"సబ్బునీళ్ళు పెట్టమని ఎవరు చెప్పినారు?"

సుంకన్న నోరు తెరిచాడు. మద్దిలేటి వైపు చూశాడు. ఆ చూపులో మొదట ఒక ప్రశ్న ఉంది. కొంచెంసేపటికి ఆ ప్రశ్న పోయింది. వాడికి అర్థమైంది.

"ఎవరూ చెప్పలేదు ఉస్తాద్," అన్నాడు. "నేనే అట్లా అనుకున్నా."

మద్దిలేటి గుండె ఒక్కసారి మండింది. సిగ్గు ఆ తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసూయే. చూడు, ఇక్కడ కూడా వాడే పైన నిలబడ్డాడు అనిపించింది. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీద తనకే వెగటు పుట్టింది.

ఉస్తాద్ మద్దిలేటి వైపు చూశాడు. ఎక్కువసేపు చూడలేదు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. గోనెపట్టా తెచ్చి జీపు కింద పరిచాడు. నడుం నొప్పి మొదలైనప్పటినుంచీ ఆయన బండి కింద పడుకోవడం మానేశాడు.

"ఉస్తాద్, నేను చేస్తా," అన్నాడు సుంకన్న.

"నేను చేస్తా ఉస్తాద్," అన్నాడు మద్దిలేటి.

ఉస్తాద్ ఒక చేయి నేలకు ఆనించి, మెల్లగా, మూలుగుతూ కిందికి దూరాడు. నట్లు విప్పాడు. బుష్షులు బయటికి తీశాడు. ప్రతిదాన్నీ గుడ్డతో తుడిచాడు. అరలోంచి గ్రీజు డబ్బా తెచ్చుకుని, వేలితో ఒక్కొక్కదానికీ లోపలా బయటా పట్టించాడు. ముగ్గురూ చుట్టూ నిలబడే ఉన్నారు. పానా కావలసినప్పుడు ఎవర్నీ అడగలేదు. తనే బయటికి వచ్చి తీసుకుని, మళ్ళీ కిందికి పోయాడు. అలా పోయిన ప్రతిసారీ మద్దిలేటి ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాడు.

పని అయ్యేసరికి ఎండ షెడ్డులోకి వచ్చింది. ఉస్తాద్ బయటికి వచ్చి జీపు బంపర్ పట్టుకుని లేచాడు. ఎస్తేరమ్మకు చేతులు జోడించాడు. మణికట్ల దాకా గ్రీజు.

"అమ్మా, తప్పు నాది."

ఎస్తేరమ్మ కోపం అప్పటికే సగం తగ్గింది. "నువ్వు ముట్టుకోనే లేదంట కదా మేస్త్రీ. ఆ పిల్లోడు చేసినాడంట."

"వానికి నేర్పింది మద్దిలేటి," అన్నాడు ఉస్తాద్. "మద్దిలేటికి నేర్పింది నేను."

గొంతు పెంచలేదు. ఏ బండికి ఏ నట్టు పడుతుందో చెప్పినట్టే చెప్పాడు.

"ఆ తల్లి ఊరికి పోదాం. నన్ను తీసుకుపో."

చేతులు కడుక్కోవడానికి ఉస్తాద్ కుళాయి దగ్గరికి పోయాడు. మద్దిలేటి వెనకాలే వెళ్ళాడు. సబ్బు అందించాడు. ఉస్తాద్ తీసుకున్నాడు.

"ఉస్తాద్," అన్నాడు మద్దిలేటి. "ఆ గ్రీజు పొట్లాలు నేనే..."

"నాకెందుకు చెప్తాండావు?" అన్నాడు ఉస్తాద్, చేతులు రుద్దుకుంటూ. "నా కంటికేం కాలేదు."

చేతులు తుడుచుకుని టోపీ పెట్టుకున్నాడు. "సుంకన్నా, షెడ్డు చూసుకో. మద్దిలేటీ, ఎక్కు."

జీపు దోర్నాల రోడ్డు ఎక్కి, కొంతదూరం పోయాక మట్టిదారిలోకి తిరిగింది. ఉస్తాద్ ముందు కూర్చున్నాడు. మద్దిలేటి వెనక, ఎడమ చక్రం పైనున్న సీటు మీద కూర్చున్నాడు. గుంటలొచ్చాయి, రాళ్ళొచ్చాయి. జీపు కిక్కురుమనలేదు. ఆ దారి ఎంత పొడుగుందో, ఎంత దూరం నీడ లేకుండా ఉందో మద్దిలేటి చూస్తూ కూర్చున్నాడు. ఒకచోట ఎస్తేరమ్మ బండి నిదానం చేసింది.

"ఇక్కడ దిగింది," అంది. ఇంకాస్త పోయాక, "ఇక్కడ పడింది," అంది.

పోలమ్మ ఇల్లు ఊరి మొదట్లోనే ఉంది. రెల్లుగడ్డి కప్పు. ఆమె గడప మీద కాలు చాపుకుని కూర్చుని ఉంది. మోకాలికి పసుపు పట్టించిన గుడ్డ. ఒక కంటి మీద దూది కట్టు.

ఎస్తేరమ్మ ముందు కట్టు తీసి కన్ను చూసింది. రెప్ప పైకెత్తి, అటు తిప్పి, ఇటు తిప్పి చూసింది. వెనక నిలబడ్డ మద్దిలేటికి ఆమె ముఖం కనబడటం లేదు, వీపే కనబడుతోంది. ఆ వీపు సడలింది.

"ఎరుపు తగ్గింది," అంది ఎస్తేరమ్మ. "దేవుడు చల్లగా చూశాడు. అవ్వా, మెల్లగా తెరువు. ఏమన్నా కనబడుతోందా?"

పోలమ్మ కన్ను చికిలించింది. నీళ్ళు కారాయి. చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

"నువ్వు ఇంత నల్లగా ఉంటావనుకోలేదే సిస్టరమ్మా," అంది.

ఎస్తేరమ్మ నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

ఉస్తాద్ ముందుకు వచ్చి, గడప కింద నేల మీద కూర్చున్నాడు. "తల్లీ, నిన్న నువ్వెక్కిన బండి బాగుచేసింది నేను. పని సరిగ్గా చేయలేదు. అందుకే అట్లా అరిచింది. నీకు భయం పుట్టించినా, ఎండలో నడిపించినా. మాఫ్ చెయ్యి."

"బండేనా అరిచింది?" అంది పోలమ్మ.

"బండే తల్లీ."

పోలమ్మ తల అడ్డంగా ఊపింది. "నాకు భయమేం వెయ్యలేదు నాయనా. నేను పుట్టి పెరిగింది ఈ అడివిలో. బండి కింద మేకపిల్ల చిక్కుకోని అరుస్తాందనుకున్నా. కళ్ళు కనపడవు, నేనేం చూసేది? ఆపమ్మా, దాన్ని తీయమ్మా అంటే ఈ సిస్టరమ్మ తీయకపోయె. ఏం లేదు ఏం లేదంటాదే. అది మాత్రం అరుస్తానే ఉంది. పైన నేనెట్ల కూర్చుండేది? దిగితే నా బరువన్నా తగ్గుతాదిలే అనుకున్నా."

ఎస్తేరమ్మ ఆమె వైపు తిరిగింది. ఈ సంగతి ఆమెకూ తెలియదు. పోలమ్మ ఎందుకు దిగిందో ఆమె అడగనే లేదు.

"అయితే మేకపిల్ల లేదు కదా?" అని పోలమ్మ మళ్ళీ అడిగింది.

"లేదు తల్లీ."

"పోనీలే. నిన్నటినించీ అదే మనసులో పీకుతాంది."

మద్దిలేటి కొంచెం దూరంగా, జీపును ఆనుకుని నిలబడ్డాడు. ఒళ్ళంతా చెమట పట్టింది. పోలమ్మ కన్ను ఇంటి ముందు నేలను చూసింది, కోడిని చూసింది, జీపును చూసింది. అతని మీద ఆగింది.

"ఆయనెవరు? అంత ఎండగా లేదు కదా, అట్లా చెమట్లు కారిపోతాండాయేంది?"

ఉస్తాద్ వెనక్కి తిరిగి చూశాడు.

"వాడు నా శిష్యుడు తల్లీ," అన్నాడు. "నా చేతిపని."

ఉస్తాద్ నోట ఆ మాట మద్దిలేటి వినడం అదే మొదలు.

అతను జీపును వదిలి నడిచి వచ్చాడు. పోలమ్మ ముందు మట్టిలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అవ్వా, ఆ బండి అరిచేట్టు చేసింది నేనే..." అని మొదలుపెట్టాడు. ఉస్తాద్ తొందరపెట్టలేదు.